చదివేవాడు, చేసేవాడు

ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు బావ చేతి గడియారం విప్పి గుమ్మం పక్కనున్న చెక్క అరలో పెట్టాడు. తర్వాత ఉంగరం. అది రావడానికి ఎప్పటిలాగే కాస్త సమయం పట్టింది. వేలు లావెక్కి చాలా ఏళ్లయింది. ఆ తర్వాత బెల్టు, ఫోను, తాళాలు. పేలుడు మందు ఉండే షెడ్డులోకి వెళ్లేవాళ్లు ఒంటి మీద లోహం ఉంచుకోకూడదు. అన్నీ తీశాక గోడకున్న రాగి పలక మీద అరచెయ్యి ఆనించి కొద్దిసేపు నిలబడ్డాడు. ఒంట్లో పట్టిన కరెంటు భూమిలోకి దిగిపోవడానికి అలా చేస్తాం.

పంతొమ్మిదేళ్లుగా రోజూ చేసిన పనే. ఆ రోజు తేడా ఒక్కటే. నేను అతని పక్కన నిలబడలేదు. నేలమీద గీసిన పసుపు గీతకు ఇవతల, ప్లాస్టిక్ కుర్చీలో సాక్షిగా కూర్చున్నాను.

"ఏటి బావ, పెళ్లిసూపులకొచ్చినట్టు కూకున్నావ్" అన్నాడు.

"మాటాడకూడదంట" అన్నాను.

"నాతోనేటి?"

"ఎవలితోనైనా."

నవ్వి గీత దాటి లోపలికి వెళ్లాడు.

అతనికీ నాకూ చుట్టరికం లేదు. మా వైపు మగవాళ్లు ఒకరినొకరు బావ అని పిలుచుకుంటారు, అంతే. అతనిది పద్మనాభం దగ్గర పల్లె, నాది సబ్బవరం. ఇద్దరం వరి పండించే ఇళ్లలోంచి విశాఖపట్నం డిపోలో ఉద్యోగానికి వచ్చినవాళ్లం. అతను ఐటీఐ ఫిట్టరు, నాకంటే నాలుగేళ్లు పెద్ద. నేను డిగ్రీ చదివి చేరాను. అతన్ని బావ అన్నాక అతని భార్య నాకు అప్ప, అంటే అక్క, అయింది. ఆమె మాత్రం నన్ను నిజంగానే తమ్ముడిలా చూసేది. అది తర్వాత చెబుతాను.

మా షెడ్డులో జరిగే పని ఏమిటో చెప్పాలి. విమానం రెక్క కింద కట్టి మరో విమానం మీదకు వదిలే క్షిపణులు ఉంటాయి. వాటిని ఒక చలి దేశం నుంచి కొనేవాళ్లు. అవి ఆకుపచ్చ పెట్టెల్లో ఏళ్ల తరబడి ఉంటాయి. ఉన్నన్నాళ్లూ అవి బతికే ఉన్నాయా లేదా అని విప్పి చూసి, మళ్లీ మూసే పని మాది. మేం పరీక్షించినవాటిలో ఒక్కటి కూడా యుద్ధంలో పేలలేదు. అవి పెట్టెల్లోనే ముసలివయ్యాయి.

బావ వాటిని దొర అనేవాడు. ఎండాకాలంలో సముద్రం గాలి ఆగిపోయి షెడ్డు ఉక్కపోతగా ఉంటే, "దొరకి మన ఉడక పడదు బావ, బేగి సూసి మూసెద్దాం" అనేవాడు. పెట్టె లోపల తేమ పీల్చే నీలం గుళికలు ఉంటాయి. తేమ ఎక్కువైతే అవి గులాబీ రంగుకు తిరుగుతాయి. చలి దేశంవాళ్లు రాసిన పుస్తకంలో వాటిని ఎన్నాళ్లకు మార్చాలో ఉంది. ఆ లెక్క విశాఖపట్నానికి సరిపోదని మొదట కనిపెట్టింది అతనే. ఎవరికీ చెప్పుకోలేదు. నాకు చెప్పాడు, నేను పైకి రాశాను. మార్చే గడువు తగ్గించారు. ఆ కాగితం మీద నా పేరే ఉంది.

ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకడు పుస్తకంలో ఒక్కో మెట్టూ పైకి చదువుతాడు. రెండోవాడు విన్నది తిరిగి చెప్పి, చేసి, అయిందని చెప్పి, రెండు చేతులూ భుజాల ఎత్తుకు ఎత్తి ఆగుతాడు. చదివేవాడు చూసి, సరే అనుకుంటే "కానీ" అంటాడు. అప్పుడు గానీ చేసేవాడి చేతులు కిందికి దిగవు. నేను చదివేవాణ్ణి. అతను చేసేవాడు.

పుస్తకం ఇంగ్లీషులో ఉండేది. అసలు భాషలోంచి ఎవరో తిప్పిన ఇంగ్లీషు, సరిగా ఉండేది కాదు. బావకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, పెట్టెల మీది మాటలు వచ్చు, వాక్యం పట్టుకోవడం కష్టం. అందుకని నేను ఒకసారి ఉన్నదున్నట్టు చదివి, వెంటనే తెలుగులో చెప్పేవాణ్ణి. "ఎడమ సేతి మూత మూడు సుట్లు తిప్పు, నాలుగోది తిప్పకు." అతను అదే మాట తిరిగి చెప్పి తిప్పేవాడు. ఏళ్లు గడిచేసరికి ఆ పుస్తకం మొత్తానికీ ఒక తెలుగు ఏర్పడింది. రాసుకోవడం నిషేధం కాబట్టి ఎక్కడా రాయలేదు. అది మా ఇద్దరి నోళ్లలోనే ఉండేది.

ఒకసారి, చేరిన కొత్తలో, తేమకు రెండు పుటలు అతుక్కుపోయి నేను ఒకేసారి తిప్పేశాను. పన్నెండో మెట్టు తర్వాత పద్దెనిమిదోది చదివాను. అతను తిరిగి చెప్పలేదు. చేతులు ఎత్తి అలాగే నిలబడ్డాడు.

"ఏటి బావ?" అన్నాను.

"మద్దిలోదేటో పోనాది. ఎనక్కి తిప్పు."

వెనక్కి తిప్పి చూశాను. ఆ మధ్యలోనే లోపలి బ్యాటరీ విడదీసే మెట్టు ఉంది. అది వదిలేసి ముందుకు పోయి ఉంటే ఇద్దరం మిగిలేవాళ్లం కాదు. అతనికి అప్పటికే అన్ని మెట్లూ నోటికి వచ్చు. అయినా ఆ తర్వాత ఏళ్ల తరబడి ఒక్కసారి కూడా నాకంటే ముందు చెయ్యి కదపలేదు. "నీ మాటొచ్చాకే నా సెయ్యి. నేపోతే ఇద్దరెందుకు" అనేవాడు.

ఈ క్షిపణుల చోట మన దేశంలో తయారైనవి వస్తున్నాయన్న మాట చాలా ఏళ్లు గాలిలో ఉంది. నిజమని తెలిసిన రోజు పేపరు అతనే నాకు చూపించాడు. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఆకాశం, గర్జన అని ఏవో మాటలు ఉన్నాయి. ఆ మాటలు నాకు నచ్చవు. కానీ సంగతి మంచిదే, అది ఒప్పుకోవాలి. పరాయివాళ్ల మీద ఆధారపడటం అంటే ఏమిటో మాకు తెలిసినంత ఆ పేపరువాళ్లకు తెలియదు. అరచేతిలో పట్టే ఒక రబ్బరు రింగు కోసం ఏడాది పైన ఎదురుచూశాం. వచ్చింది వేరే కొలత. మళ్లీ ఉత్తరం రాశారు. ఈలోగా ఆ పెట్టె అలాగే పక్కన పడి ఉంది.

బావకు ఆ కొత్తదాని మీద ఆశ పుట్టింది. అతను దేనికీ పెద్దగా ఆశపడే మనిషి కాదు. ప్రమోషన్ కోసం ఎవరి గదికీ వెళ్లలేదు. కానీ ఈ ఒక్క విషయంలో క్యాంటీన్లో అందరి ముందూ అనేశాడు.

"రిటైరయ్యేలోగా మనోళ్లు సేసింది ఒకపాలి ఈ సేత్తో ముట్టుకోవాల."

ఎదురు బల్ల మీద పెయింటు సెక్షన్ అతను, "ముట్టుకుని ఏటి సేత్తావ్, ముద్దెట్టుకుంటావా" అన్నాడు.

"ఎట్టుకుంటాను. నీకేటి?"

"దొర ఏడుస్తాడు మరి."

"ఏడవనీ. ఇన్నేళ్లూ మనం ఏడిసినాం గదా, రబ్బరు కోసం."

కొత్తదానికి మా షెడ్డు నుంచి ఎంపిక పరీక్ష పెట్టారు. నెగ్గినవాళ్లను శిక్షణకు పంపిస్తారు. నెగ్గనివాళ్లు పాత పెట్టెలు ఖాళీ అయ్యాక స్టోర్సుకు వెళ్లి తాళాలు, చీపుర్లు, కుర్చీలు చూసుకోవాలి. బావకు అప్పుడు యాభై నాలుగు.

తయారుచేసిన చోటి నుంచి పరీక్ష పెట్టడానికి ఇద్దరు కుర్రాళ్లు హైదరాబాదు నుంచి వచ్చారు. ఒకతను తెలుగువాడే. మర్యాద తెలిసినవాడు. మాతో పాటే భోజనం చేశాడు, వాళ్ల అమ్మమ్మది విజయనగరమని చెప్పాడు. బావ ముచ్చటపడి అతనికి తన గిన్నెలోని గోంగూర వేశాడు. పరీక్ష మొదలయ్యాక మాత్రం అతను ఇంగ్లీషే మాట్లాడాడు. తప్పు అనను. కొత్తదాని మెట్లన్నీ పుస్తకంలో కాదు, తెర మీద వస్తాయి. ఇంగ్లీషులో వస్తాయి. ఒక్క మనిషే చదువుకుని, చేసి, తెర నొక్కి ముందుకు వెళ్లాలి. రెండో మనిషి అక్కర్లేదు.

నా పరీక్ష అంతకు ముందురోజు అయింది. నెగ్గానని చెప్పారు, కాగితం ఇంకా చేతికి రాలేదు. నెగ్గినవాడు తర్వాతివాడి పరీక్షకు సాక్షిగా కూర్చోవాలన్నారు. అలా ఆ కుర్చీ నాది అయింది.

బావ బల్ల ముందు నిలబడి తెర వైపు చూశాడు. మొత్తం పదకొండు మెట్లు. మొదటిది పెదాలు కదుపుతూ కూడబలుక్కుని చదివాడు. తిరిగి పైకి చెప్పాడు. చేశాడు. సరిగానే చేశాడు. "అయింది" అన్నాడు. రెండు చేతులూ భుజాల ఎత్తుకు ఎత్తి ఆగాడు.

"కానీ" అనేవాళ్లు ఎవరూ లేరు. చివరికి ఆ తెలుగు కుర్రాడే, "ప్రెస్ చేసి వెళ్లండి" అన్నాడు, తెలుగులో.

బావ నొక్కాడు. రెండోది చదివాడు. చేశాడు. "అయింది." చేతులు ఎత్తి ఆగాడు.

తెర మూలన సమయం తరుగుతూ ఉంది. నాకు కనిపిస్తోంది. ఆగకూడదని అతనికీ తెలుసు, వారం ముందే చెప్పారు. తెలిసినా చేతులు దిగలేదు. ప్రతి మెట్టు తర్వాతా కొన్ని క్షణాలు అలా ఆగి, గుర్తు తెచ్చుకుని, నొక్కి, ముందుకు వెళ్లాడు. నాలుగో మెట్టు, అయిదో మెట్టు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఏడో మెట్టు అయ్యాక చేతులు ఎత్తి, తల తిప్పి నా వైపు చూశాడు.

నేను ఒక్క మాట అనాలి. రెండక్షరాలు. అది సాయం చేయడం కిందికి వస్తుంది, నా ఎంపిక రద్దు కావచ్చు. నేను నేల వైపు చూశాను.

ఎనిమిదో మెట్టు పూర్తయ్యేసరికి సమయం అయిపోయింది. చేసిన ఎనిమిదింటిలో ఒక్క తప్పు లేదు.

ఆ కుర్రాడు కాగితం రాస్తూ నన్ను అడిగాడు, "ఈయన ఎప్పుడూ ఇలాగేనా అండీ? ఎవరో ఒకరు చెప్తే గానీ కదలరా?"

"అవును సార్" అన్నాను.

అది నిజం. దాని వెనక చెప్పాల్సిన వాక్యం ఇంకొకటి ఉంది. అలా ఆగడమే మా నిబంధన సార్, నేను పుట తప్పిన రోజున ఇద్దరం బతికింది అతను అలా ఆగడం వల్లే. ఆ వాక్యం నా నోట్లో ఉంది. చెప్పలేదు. ఆ కుర్రాడు ఇంగ్లీషులో ఒక ముక్క రాశాడు. స్వతంత్రంగా పని చేయలేరు అని దాని అర్థం. కింద సాక్షి అన్నచోట నేను సంతకం పెట్టాను.

బయట బావ ఉంగరం వేలికి ఎక్కించుకుంటున్నాడు.

"ఎలాగయింది?" అన్నాను. ఎందుకు అడిగానో నాకు ఈనాటికీ తెలియదు.

"నువ్వు సూసేవు గదా" అన్నాడు.

వారం తర్వాత ఆఫీసులో గుమాస్తా ఆ కాగితం అతనికి చదివి వినిపించాడు. మధ్యాహ్నం క్యాంటీన్లో నా పక్కనే వచ్చి కూర్చున్నాడు. గిన్నె మూత తీశాడు.

"నాకు స్వతంత్రం నేదంట బావ" అన్నాడు. "దేశానికొచ్చి డెబ్బై ఏళ్లు దాటిపోనాది. నాకే రానేదు."

బల్ల చుట్టూ నవ్వారు. నేను కూడా నవ్వాను. నవ్వు ఆగాక అతను అన్నం కలుపుకుంటూ, నాకు మాత్రమే వినపడేలా, "సంతకం బాగా ఎడతావ్ బావ. నిలువుగా, తిన్నగా" అన్నాడు. ఇంకేమీ అనలేదు. తర్వాత కూడా ఎన్నడూ ఆ ప్రస్తావన తేలేదు. తెచ్చి ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది. నేనైనా తేవచ్చు. తేలేదు.

శిక్షణ మొదలయ్యే లోగా పాత పెట్టెలు మిగిలినవి పన్నెండు పంపించేయాలి. వాటి కాలం తీరిపోయింది. ప్రమాదం లేకుండా విడదీసి, భాగాలు వేరువేరు పెట్టెల్లో సర్ది లారీ ఎక్కించాలి. వాటికి పాత పుస్తకం, పాత నిబంధనే. అంటే మళ్లీ మేమిద్దరమే.

మొదటి పెట్టె దగ్గర నేను పుస్తకం తెరిచి మొదటి మెట్టు చదివాను. తెలుగులో చెప్పబోతుంటే అతను అప్పటికే మూత తీస్తున్నాడు.

"ఆగు బావ" అన్నాను.

"నువ్వు సదువుకో. నాను సేత్తన్నాను."

"నాను కానీ అన్నేదు."

"నువ్వన్నా, అనకపోయినా. స్వతంత్రంగా సేత్తన్నాను. సూడు, సరిగ్గా సేత్తన్నానో నేదో. సాచ్చివి గదా."

అతని చేతులు ఎక్కడా ఆగలేదు. మూత, గుళికల సంచి, రెక్కలు, బ్యాటరీ. పుస్తకంలో ఉన్న వరసలోనే, ఒక్కటి వదలకుండా చేశాడు. మెట్టు తర్వాత తిరిగి చెప్పలేదు. అయిందని అనలేదు. నేను అతని వెనక పరుగెత్తుతున్నట్టు చదువుకుంటూ పోయాను. నేను చదివే మెట్టు ఎప్పుడూ అతను చేసిన మెట్టుకు ఒకటి వెనకే ఉంది. నియమం ప్రకారం నేను పని ఆపించి పైవాళ్లకు చెప్పాలి. అదీ చేయలేదు. నాలుగు రోజుల్లో పన్నెండు పెట్టెలూ అయిపోయాయి. అన్ని రోజుల్లోనూ మా మధ్య ఆ షెడ్డులో వినిపించింది నా గొంతు ఒక్కటే, దానితో ఎవరికీ పని లేదు.

చివరి పెట్టె మూశాక చేతులు తుడుచుకుని, "దొర ఎల్లిపోనాడు" అన్నాడు. ఆ మాట నాతో అన్నట్టు లేదు.

అతను స్టోర్సుకు వెళ్లాడు. నేను శిక్షణకు హైదరాబాదు వెళ్లాను. నేను అక్కడ ఉండగా ఒక ఉదయం ఇంట్లో పళ్లు తోముకుంటూ కూలబడి, అలాగే పోయాడు. గుండె. పరీక్ష వల్ల పోయాడని నేను అనను. ఎన్నో ఏళ్లుగా బీపీ ఉంది, మాత్రలు సరిగా వేసుకునేవాడు కాదు. అలా అనుకోవడం నాకు సులువు. అలా అనుకోకపోవడం కూడా సులువే. రెండిటిలో దేన్నీ నేను పూర్తిగా నమ్మలేదు.

సెలవు దొరికి నేను వెళ్లేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది. పల్లెలో అప్ప వాకిట్లో చాప వేసింది. మజ్జిగ ఇచ్చింది. అంతకుముందు ఎన్ని ఆదివారాలు ఆ వాకిట్లో తిన్నానో లెక్క లేదు.

"తమ్ముడూ, ఒకటడుగుతాను, సెప్తావా" అంది.

"అడుగు అప్పా."

"ఆ పరీచ్చ రోజు నువ్వక్కడే ఉన్నావంట."

"ఉన్నాను."

"ఆయన ఏటి తప్పు సేసేడు?"

"ఏ తప్పూ సెయ్యనేదు."

"మరేటి?"

చెప్పాను. చేతులు ఎత్తి ఆగడం, నా వైపు చూడటం, నేను నేల చూడటం, అవును సార్ అనడం, సంతకం. ఏదీ దాచలేదు. ఆమె చీర చెంగు వేలికి చుట్టుకుంటూ విన్నది.

"ఒక్క మాటంటే ఏటయ్యేది?"

"నా ఉజ్జోగం కూడా స్టోర్సుకే పోయేది."

"పోతే ఏటి? ఇద్దరూ ఒకేసోట కూకుని సీపుర్లు లెక్కెట్టుకుందురు. ఆయన నవ్విత్తుండేవోడు నిన్ను."

నేను మజ్జిగ గ్లాసు కింద పెట్టాను.

"ఆయనకి తెలుసు నువ్వనవని" అంది. "సచ్చేదాకా నాకు సెప్పనేదు. తమ్ముడేటన్నాడు అనడిగితే, బావకి పనుంది అనీవోడు. నాకిప్పుడు తెలిసింది. తాగు, మజ్జిగ పులిసిపోతాది."

ఆమె కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కొంత తేలికయ్యేది. గుమ్మం దాకా వచ్చి పంపింది. మళ్లీ రమ్మని మాత్రం అనలేదు.

ఆ తర్వాతి సోమవారం నేను మా పైఅధికారి దగ్గరకు వెళ్లాను. ఆ పరీక్ష కాగితం మీద ఒక వాక్యం చేర్చాలని అడిగాను. పాత నిబంధన ప్రకారం చదివేవాడి మాట కోసం ఆగాడు, పని తెలియక కాదు. ఇంతే. రాసి తీసుకెళ్లాను కూడా. ఆయన చదివి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"మనిషే లేడు కదండీ" అన్నాడు. "ఇప్పుడు ఎవరికి ఉపయోగం?"

"కాగితం ఉంటుంది కదండీ."

"కాగితం ఎవరు చూస్తారు? మూసేసిన ఫైలు. మీరు పెట్టిన సంతకమే కదా కింద ఉంది. ఇప్పుడు మీరే మార్చమంటే మీ మీద ప్రశ్న వస్తుంది."

నేను నా కాగితం వెనక్కి తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ రోజు కూడా నాకు నా మీద వచ్చే ప్రశ్నే ముఖ్యమైంది. ఇది రాస్తున్నప్పుడు దీన్ని మరోలా చెప్పే మాటల కోసం వెతికాను. లేవు.

కొత్త క్షిపణులు వచ్చాయి. బాగున్నాయి. సీలు వేసిన గొట్టాల్లో వస్తాయి, తేమ వాటి లోపలికి పోదు. విడి భాగం కావాలంటే ఫోను చేస్తే పంపిస్తారు. మన ఇంజినీర్లు చేసినవి, అందులో సగం మంది మన భాషవాళ్లే. చలి దేశపు వస్తువుతో మేం పంతొమ్మిదేళ్లు తెలుగులో పని చేశాం. మనవాళ్లు చేసినదాని ముందు నేను ఒక్కణ్ణే నిలబడి, తెర మీది ఇంగ్లీషు కళ్లతో చదువుకుని, నొక్కి, ముందుకు వెళతాను. పని తొందరగా అయిపోతుంది. పక్క బల్ల దగ్గర ఒకతను ఉంటాడు, అతని తెర అతనిది. మధ్యాహ్నం దాకా ఒకరికొకరం మాట్లాడుకోనక్కర్లేదు.

పాత పుస్తకాన్ని లెక్క చూసి, ఇద్దరు అధికారుల ఎదుట కాల్చేశారు. నిబంధన అది. మా తెలుగు ఎక్కడా రాసి లేదు, కాల్చడానికి ఏమీ లేదు.

ఆ షెడ్డులో ఇప్పుడు ఎవరూ పైకి చదవరు.